డాక్టరు చదువుకు సాయం: మెట్ట ఊళ్ళవాళ్ళు ఎక్కడ వెతకాలి?

నీట్ ర్యాంకు రాగానే జగ్గయ్యపేట, నందిగామ వైపు ఇళ్ళలో మొదట వచ్చే ప్రశ్న "మొత్తం ఎన్ని లక్షలవుతుంది?" అని. సీటు ఏ కేటగిరీదో తెలిస్తే గానీ దానికి జవాబు లేదు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖరారు చేసిన ఫీజుల ప్రకారం, ప్రైవేటు కాలేజీలో కన్వీనరు సీటుకు ఏడాదికి 15 వేలు ఉండేది. అదే కాలేజీలో బి కేటగిరీకి 12 లక్షలు, ఎన్నారై సీటుకు 36 లక్షలు. ముగ్గురూ వినేది ఒకే పాఠం! 2023లో మచిలీపట్నం, ఏలూరుతో సహా ఐదు చోట్ల తెరిచిన ప్రభుత్వ కాలేజీల్లోనూ సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు పెట్టారు. కాబట్టి గవర్నమెంటు కాలేజీ అన్నంత మాత్రాన ధీమాగా ఉండకూడదు.

ఇక్కడ ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. ఎకరం అమ్మి మొదటి ఏడాది బి కేటగిరీ ఫీజు కట్టేద్దాం, తర్వాత ఏదో ఒక స్కాలర్‌షిప్పు చూసుకుందాం అనుకుంటే మునిగిపోతారు. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటు కన్వీనరు సీటుకే. మిగతా సాయాలన్నీ కలిపినా 12 లక్షల దరిదాపుల్లోకి రావు. అసలైన పెద్ద స్కాలర్‌షిప్పు కన్వీనరు సీటే.

ఆ సీటు వచ్చాక ఫీజు కంటే హాస్టలు, మెస్సు, పుస్తకాలే బరువు. విద్యాదీవెన, వసతి దీవెన పేర్లతో నడిచిన పథకంలో ఈ ఖర్చులకు డిగ్రీ, ఆపై చదువులవాళ్ళకు ఏడాదికి 20 వేలు లెక్క. ప్రభుత్వాలతో పాటు పేర్లు మారతాయి గానీ దరఖాస్తు చేరేది జ్ఞానభూమి పోర్టల్‌కే. ఆ నిబంధనల్లో కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. మాగాణి 10 ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు ఉండాలి. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఫరవాలేదు, సొంత కారు ఉండకూడదు. మన దగ్గర చిక్కు మాగాణి, మెట్టల దగ్గరే. సాగర్ ఎడమ కాలువ చివరి భూముల్లో నీళ్ళు అందని ఏడాది కూడా, రికార్డులో మాగాణి అని రాసి ఉంటే లెక్క మాగాణి కిందే. దరఖాస్తుకు ముందే అడంగల్ ఒకసారి తీసి చూసుకోవాలి.

జగ్గయ్యపేట పక్కన బతికేవాళ్ళకు ముఖ్యంగా కలిసొచ్చే దారి ఒకటుంది. చిత్రంగా దీని మాట ఎక్కువగా వినపడదు. సిమెంటుకు రాయి తీసే సున్నపురాయి గనుల్లో పనిచేసే కార్మికుల కోసం 1972లో కేంద్రం ఒక సంక్షేమ నిధి చట్టం చేసింది. ఆ కార్మికుల పిల్లల చదువుకు కేంద్ర కార్మిక శాఖ సాయం చేస్తుంది. తరగతిని బట్టి వెయ్యి రూపాయల నుంచి మొదలై, ఎంబీబీఎస్ లాంటి చదువులకు ఏడాదికి 25 వేల దాకా ఉంటుంది. తండ్రో తల్లో గనిలో కనీసం ఆరు నెలలు పనిచేసి ఉండాలి. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్ళ దగ్గర ఆ పని చేసినట్టు కాయితమే ఉండదు. దాన్ని సంపాదించడమే సగం పని. అలాగే జీతంలో ఈఎస్ఐ కోత పడే కుటుంబమైతే, ఈఎస్ఐ మెడికల్ కాలేజీల్లో చందాదారుల పిల్లలకు వేరే కోటా సీట్లున్నాయి. ఈఎస్ఐ వాళ్ళిచ్చే సర్టిఫికెట్టు కౌన్సెలింగుకు ముందే చేతిలో ఉండాలి.

ఇంటర్‌లో తమ గ్రూపులో బోర్డు మొత్తం మీద పై 20 శాతంలో నిలిచి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షలు దాటనివాళ్ళకు కేంద్రం మరో స్కాలర్‌షిప్పు ఇస్తుంది. మొదటి మూడేళ్ళు ఏటా 12 వేలు, ఆ తర్వాత 20 వేలు. ఒక మెలిక: రాష్ట్రం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు తీసుకుంటే ఇది రాదు. ఏది లాభమో లెక్క వేసుకునే అప్లై చేయాలి. ట్రస్టుల సాయానికి చాలాచోట్ల ఈ అడ్డు ఉండదు. 1994లో అమెరికాలో మొదలైన ఫౌండేషన్ ఫర్ ఎక్సలెన్స్ పేదింటి మెడిసిన్ విద్యార్థులకు సాయం చేస్తోంది. అమెరికా తెలుగువాళ్ళ సంఘం తానాకు చెందిన ఫౌండేషన్ కూడా మన పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. దరఖాస్తుకే డబ్బు కట్టమనేవాళ్ళను మాత్రం గుమ్మంలోనే ఆపండి.

ఇంకా చాలకపోతే బ్యాంకు లోను. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపికచేసిన కాలేజీల్లో మెరిట్ సీటు వస్తే తనఖా, హామీ అడగరు. ఆదాయం 8 లక్షల లోపువాళ్ళకు 10 లక్షల లోను దాకా వడ్డీలో 3 శాతం తగ్గింపు ఉంది.

ఎక్కువమంది ఆగిపోయేది అర్హత దగ్గర కాదు, కాయితాల దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, ఆధార్‌లో పూర్తిగా ఉంటే పోర్టల్ ఒప్పుకోదు. 2022 ఏప్రిల్ నుంచి మనది ఎన్టీఆర్ జిల్లా. పాత సర్టిఫికెట్లన్నీ కృష్ణా జిల్లా అనే చెబుతాయి. సచివాలయంలో వేలిముద్ర వేయబోతే, ఏళ్ళ తరబడి మిరపకాయ కోసి అరిగిపోయిన అమ్మ వేళ్ళను యంత్రం గుర్తుపట్టదు. అప్పుడు కంటిపాపతో గానీ ఫోన్ ఓటీపీతో గానీ చేయమని అడగాలి. పైగా మెడికల్ అడ్మిషన్లు ఆలస్యమై, పిల్లలు కాలేజీలో కాలుపెట్టేసరికి నేషనల్ పోర్టల్ గడువు మీద పడుతుంది. అందుకే ఆదాయ సర్టిఫికెట్టు, ఆధార్‌తో ముడిపడిన విద్యార్థి బ్యాంకు ఖాతా నీట్ ఫలితాలకు ముందే సిద్ధం చేసుకోవాలి. చేరిన రోజే కాలేజీలో స్కాలర్‌షిప్పుల నోడల్ ఆఫీసరు ఎవరో కనుక్కోవాలి, ఆయన ఆన్‌లైన్‌లో ఓకే చేయనిదే దరఖాస్తు ముందుకు కదలదు.