ఎండ సోకని సముద్రపుటడుగున జీవజాలం

పచ్చని ఆకు ఎండను పట్టి ఆహారం తయారు చేస్తుంది. ఆ ఆకును మేక తింటుంది. మేకను తోడేలు తింటుంది. చెరువులో నాచును పురుగులు, పురుగులను చేపపిల్లలు, చేపపిల్లలను కొంగలు తింటాయి. ఈ ఆహారపు గొలుసులలో దేనిని పట్టుకొని వెనుకకు పోయినా చివరకు తేలేది ఎండయే. అందుచేతనే భూమి మీది జీవులన్నిటికీ సూర్యుడే మూలాధారమని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చినవి. అది చాలవరకు నిజమే. కాని ఈ నియమానికి లొంగక నిండుగా జీవులు బ్రతుకుతున్న చోట్లు కూడ ఉన్నవని 1977 వ సంవత్సరంలో తెలిసినది. అవి అడవులలో లేవు, కొండలలో లేవు. సముద్రంలో రెండున్నర కిలోమీటర్ల లోతున ఉన్నవి. పైగా వాటిని కనుగొన్నవారు జీవుల కోసం వెదకుతూ పోయినవారు కారు.

లోతును గురించిన పాత అభిప్రాయం

సముద్రాల సగటు లోతు సుమారు 3,700 మీటర్లు. ఎండతో ఆహారం తయారు చేసుకొనే వృక్షజాతులు పై 200 మీటర్లలోనే ఉంటాయి. 1,000 మీటర్లు దాటితే ఎండ జాడయే ఉండదు. నీటి ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీల సెంటీగ్రేడుకు పడిపోతుంది. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున నీటి ఒత్తిడి పెరుగుతుంది. ఈ లెక్కను 2,500 మీటర్ల లోతున ఒక చదరపు సెంటీమీటరుపై, అనగా బొటనవ్రేలి గోరంత జాగాపై, పడే బరువు సుమారు 250 కిలోగ్రాములు; రెండున్నర క్వింటాళ్ళు!

ఇట్టి చోట జీవులు ఉండగలవా? ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1841–42 సంవత్సరాలలో ఈజియన్ సముద్రపు అడుగును వలలతో దేవి చూచాడు. లోతు పెరిగినకొద్దీ వలలో పడే జీవుల సంఖ్య తగ్గుతూ వచ్చినది. ఈ లెక్కను ముందుకు సాగించి, 300 బారలకు, అనగా సుమారు 550 మీటర్లకు, దిగువన జీవులు ఉండవని ఆయన భావించాడు. ఆ అభిప్రాయం చాలకాలం నిలువలేదు. 1860 లో మధ్యధరా సముద్రంలో తెగిన తంతితీగ నొకదానిని మరమ్మతు కొరకు పైకి తీయగా, 2,000 మీటర్లకు మించిన లోతునుండి వచ్చిన భాగానికి పగడాలు మొదలైన జీవులు అంటుకొని ఉన్నవి. తీగ మీద పెరిగిన జీవి అక్కడనే పుట్టి పెరిగి ఉండాలి కదా!

తరువాత 1872 నుండి 1876 వరకు 'ఛాలెంజర్' అనే ఓడ సముద్రాలన్నీ చుట్టివచ్చి, అంతవరకు ఎవ్వరూ ఎరుగని జీవజాతులను సుమారు 4,700 వరకు సేకరించినది. 1960 జనవరి 23 న జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ అనే ఇద్దరు 'ట్రియెస్ట్' అనే వాహనంలో కూర్చుండి, పసిఫిక్ మహాసముద్రంలోని మేరియానా అగాధంలో సుమారు 10,900 మీటర్ల లోతుకు దిగి, అడుగును తాకి తిరిగివచ్చారు. ఎంత లోతుకైనా మానవుడు పోగలడని దీనితో రుజువైనది.

లోతున జీవులు ఉన్నవని తెలిసినా, అవి పేదజీవులని శాస్త్రజ్ఞుల నమ్మకం. పైనీటిలో చచ్చిన సూక్ష్మజీవుల కళేబరాలు, మలపదార్థాలు మంచు రాలినట్లు క్రిందికి రాలుతూ ఉంటాయి. దారిలో ఇతర జీవులు తినగా మిగిలిన కొద్దిపాలు మాత్రమే అడుగుకు చేరుతుంది. ఆ ఎంగిలి మీద ఆధారపడి అక్కడక్కడ కొన్ని జీవులు బ్రతుకుతాయని, మిగిలినదంతా ఎడారి వంటిదని భావించేవారు.

వేడినీటి కోసం వెదకులాట

1960 తరువాతి పదేండ్లలో భూగర్భశాస్త్రంలో పెద్ద మార్పు వచ్చినది. భూమి పైపొర కొన్ని పెద్ద ఫలకాలుగా విడివడి ఉన్నదని, ఆ ఫలకాలు నెమ్మదిగా కదులుతున్నవని తేలినది. సముద్రాల అడుగున సుమారు 65,000 కిలోమీటర్ల పొడవున ఒక పర్వతశ్రేణి ఉన్నది. దాని నడినెత్తిన ఫలకాలు ఒకదానికొకటి దూరమవుతూ ఉంటాయి. ఆ సందులోనికి భూగర్భం నుండి శిలాద్రవం పైకి వచ్చి గడ్డకట్టి కొత్త నేల అవుతుంది.

కొత్తగా పుట్టిన ఈ నేల నుండి ఎంత వేడి వెలువడాలో లెక్కకట్టవచ్చును. కాని కొలిచి చూడగా వచ్చిన వేడి, లెక్కకు వచ్చిన వేడికంటె చాల తక్కువగా ఉన్నది. మిగిలిన వేడి ఎటు పోతున్నది? సముద్రజలం నేల పగుళ్ళలోనికి దిగి, కాగి, ఊటలుగా పైకి వచ్చి ఆ వేడిని మోసుకొనిపోతున్నదేమోనని శాస్త్రజ్ఞులు ఊహించారు. ఈ ఊహను పరీక్షించడానికే 1977 ఫిబ్రవరిలో 'నార్' అనే అమెరికా పరిశోధననౌక దక్షిణ అమెరికాకు పడమరనున్న గాలపాగోస్ దీవుల ప్రాంతానికి చేరినది. అందులో ఉన్నవారు భూగర్భ శాస్త్రజ్ఞులు, రసాయన శాస్త్రజ్ఞులు. జీవశాస్త్రజ్ఞుడు ఒక్కడూ లేడు!

కెమెరాలు, ఉష్ణమాపకం అమర్చిన ఉక్కుచట్రం నొకదానిని త్రాటికి కట్టి, సుమారు 2,500 మీటర్ల లోతున, నేలకు కొన్ని మీటర్ల ఎత్తున లాగుతూ పోయారు. ఒకచోట కొద్ది క్షణాలపాటు నీటి ఉష్ణోగ్రత పెరిగి మరల తగ్గినది. తరువాత వేలకొలది ఛాయాచిత్రాలను కడిగి చూచారు. అన్నింటిలోను కనబడినది నల్లని లావారాయి మాత్రమే. ఉష్ణోగ్రత పెరిగిన ఆ క్షణాలలో తీసిన 13 చిత్రాలలో మాత్రం తెల్లని ఆల్చిప్పలు వందలకొలది కనిపించినవి.

ఫిబ్రవరి 17 న 'ఆల్విన్' అనే చిన్న జలాంతర్గామిలో ముగ్గురు మనుష్యులు ఆ చోటికి దిగారు. నేల పగుళ్ళనుండి వేడినీరు మిలమిలలాడుతూ పైకి వస్తున్నది. ఆ పగుళ్ళ చుట్టూ ఆల్చిప్పలు, పీతలు, చేపలు గుంపులు గుంపులుగా ఉన్నవి. తరువాత దిగినప్పుడు తెల్లని గొట్టాలలో ఉండి ఎర్రని కుచ్చును బయటికి చాచే పెద్ద పురుగులు కూడ కనిపించినవి. ఓడపైకి తెచ్చిన నీటి సీసా మూత తీయగానే కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన గుప్పుమన్నది. అది హైడ్రోజన్ సల్ఫైడు వాసన. జీవశాస్త్ర పరికరాలు లేనందున, దొరికిన జీవులలో కొన్నింటిని వోడ్కా మద్యంలో వేసి భద్రపరచవలసి వచ్చినది.

నల్లని పొగగొట్టాలు

రెండేండ్ల తరువాత, 1979 లో, మెక్సికో తీరానికి దూరాన పసిఫిక్ సముద్రగర్భంలో ఇంతకంటె వింతైన దృశ్యం కనబడినది. రాతి గొట్టాల నుండి నల్లని పొగవంటిది ఎగజిమ్ముతున్నది. ఆల్విన్ నుండి ఉష్ణమాపకాన్ని అందులో పెట్టగా దాని ప్లాస్టిక్ కడ్డీ కరగిపోయినది. వేరొక సాధనంతో కొలువగా అక్కడి నీరు 350 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరినదని తేలినది. 100 డిగ్రీలకు ఆవిరి కావలసిన నీరు ఇంత వేడిలో ద్రవంగా ఎట్లు నిలిచినది? దానికి కారణం పీడనం. ఆ లోతున 250 వాతావరణ పీడనాలకు పైబడిన ఒత్తిడి నీటిని మరగనీయదు. ప్రెషర్ కుక్కరులో నీరు 100 డిగ్రీలు దాటినా ద్రవంగానే ఉండడానికి కారణమైన సూత్రమే ఇక్కడ పెద్ద ఎత్తున పనిచేస్తున్నది.

ఆ నల్లని పొగ నిజానికి పొగ కాదు. పగుళ్ళలోనికి దిగిన సముద్రజలం శిలాద్రవపు వేడికి కాగి, చుట్టూ ఉన్న రాళ్ళలోని ఇనుము, రాగి, తుత్తునాగం వంటి లోహాలను కరగించుకొంటుంది. అందులో హైడ్రోజన్ సల్ఫైడు కూడ చేరుతుంది. ఈ నీరు పైకి వచ్చి 2 డిగ్రీల చల్లని నీటిని తాకగానే, లోహాలు గంధకంతో కూడి సల్ఫైడులై నల్లని నలుసులుగా విడివడతాయి. వీటిలో కొంతభాగం రంధ్రం చుట్టూ పేరుకొని గొట్టంగా పెరుగుతుంది.

నోరు లేని పురుగు

ఈ జీవులకు ఆహారం ఎక్కడిది? పైనుండి రాలే ఎంగిలి ఇంత పెద్ద గుంపుకు చాలదు. అన్నిటికంటె చిక్కు ప్రశ్న గొట్టపు పురుగుది. అది రెండు మీటర్ల పొడవు పెరుగుతుంది. దానికి నోరు లేదు, ప్రేగు లేదు! తిననిదే అంత శరీరం ఎట్లు పెరిగినది?

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్న కొలీన్ కావనా అనే విద్యార్థిని 1980 లో ఒక ఉపన్యాసం వింటున్నది. ఈ పురుగు శరీరంలో గంధకపు స్ఫటికాలు ఉన్నవని ఉపన్యాసకుడు చెప్పాడు. ఆమె అక్కడికక్కడ లేచి, గంధకాన్ని వాడుకొనే బాక్టీరియాలు పురుగు శరీరంలోనే కాపురముండి దానికి ఆహారం తయారుచేస్తూ ఉండాలని అన్నది. పురుగు కణజాలాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించగా బాక్టీరియాలు నిజంగానే కనిపించినవి. ఆ ఫలితం 1981 లో ప్రచురితమైనది.

గంధకపు సమ్మేళనాలనుండి శక్తిని పొందే బాక్టీరియాలు ఉన్నవని రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1887 లోనే చూపాడు. ఈ క్రియను రసాయన సంశ్లేషణ అంటారు. పచ్చని ఆకు బొగ్గుపులుసు వాయువును చక్కెరగా మార్చడానికి సూర్యకాంతిని వాడుకొంటుంది. ఈ బాక్టీరియాలు అదే పనికి హైడ్రోజన్ సల్ఫైడును ఆక్సిజన్‌తో కలిపినప్పుడు వెలువడే శక్తిని వాడుకొంటాయి. పని ఒకటే, పొయ్యి వేరు.

పురుగుకు, బాక్టీరియాకు మధ్య ఒప్పందం చక్కనిది. పురుగు ఎర్రని కుచ్చులోని రక్తం హైడ్రోజన్ సల్ఫైడును, ఆక్సిజన్‌ను రెండింటిని పట్టి లోనికి చేరవేస్తుంది. మనుష్యులకు హైడ్రోజన్ సల్ఫైడు విషం. పురుగు రక్తంలోని హీమోగ్లోబిన్ ఆ రెండు వాయువులను వేర్వేరు తావులలో పట్టి ఉంచుతుంది గనుక దానికి హాని లేదు. బాక్టీరియాలు ఆహారం తయారు చేస్తాయి. పురుగు వాటికి ఇల్లు, ముడిసరుకు ఇస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించవలసి ఉన్నది. ఈ బాక్టీరియాలు వాడుకొనే ఆక్సిజన్ సముద్రజలంలో కరగి ఉన్నదే. దానిని ఇచ్చినది పైనున్న వృక్షజాతులు, అనగా ఎండయే. కాబట్టి గొట్టపు పురుగుకు సూర్యునితో సంబంధం పూర్తిగా తెగిపోలేదు. ఐతే ఈ ఊటలలోనే, ఆక్సిజన్ అవసరం లేకుండ, ఉదజనిని బొగ్గుపులుసు వాయువుతో కలిపి మీథేన్ తయారు చేసి బ్రతికే సూక్ష్మజీవులు కూడ ఉన్నవి. వాటి బ్రతుకుకు ఎండతో పనిలేదు. భూమిపై జీవం మొదట ఇట్టి చోట్లనే పుట్టి ఉండవచ్చునని కొందరు శాస్త్రజ్ఞులు భావించడానికి ఇదొక కారణం. శనిగ్రహపు ఉపగ్రహమైన ఎన్‌సెలాడస్ నుండి ఎగజిమ్మే నీటి ఆవిరిలో ఉదజని ఉన్నదని 2017 లో ప్రకటించినప్పుడు శాస్త్రలోకం ఆసక్తి చూపినది ఇందుకే.

హిందూమహాసముద్రంలో

హిందూమహాసముద్రపు అడుగున కూడ ఇట్టి ఊటలు ఉన్నవి. 2001 లో మధ్య హిందూమహాసముద్ర పర్వతశ్రేణిలోని కైరీ అనే చోట ఒక వింత నత్త దొరికినది. దాని పాదానికి పెంకుల వంటి పొలుసులు. ఆ పొలుసులకు ఇనుప సల్ఫైడు పూత! ఇనుమును కవచంగా ధరించిన జంతువు వేరొకటి కనబడలేదు. 2019 లో ఈ నత్తను అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చినది. అప్పటికి అది మూడుచోట్ల మాత్రమే ఉన్నదని తెలుసు. ఆ మూడుచోట్ల విస్తీర్ణం కలిపి 0.02 చదరపు కిలోమీటరు; అంటే సుమారు ఐదెకరాలు. ఒక జాతికి లోకంలో ఉన్న నేల అంతే!

ప్రమాదం ఎక్కడినుండి? పొగగొట్టాల రాళ్ళలో రాగి, తుత్తునాగం, కొద్దిపాటి బంగారం ఉన్నవి. వాటిని త్రవ్వి తీయవచ్చునా అని అనేక దేశాలు పరిశీలిస్తున్నవి. ఏ దేశానికీ చెందని సముద్రపుటడుగు వ్యవహారాలను చూచే అంతర్జాతీయ సంస్థతో భారతదేశం 2016 లో ఒప్పందం చేసుకొని, 10,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో సల్ఫైడు నిక్షేపాలను అన్వేషించే హక్కును పొందినది. 2024 డిసెంబరులో భారత శాస్త్రజ్ఞులు సుమారు 4,500 మీటర్ల లోతున చురుకుగా ఉన్న ఊట నొకదానిని చిత్రీకరించినట్లు ప్రకటించారు. ముగ్గురు మనుష్యులను 6,000 మీటర్ల లోతుకు తీసుకొనిపోగల 'మత్స్య 6000' అనే వాహనాన్ని చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందించి, 2025 ప్రారంభంలో రేవు నీటిలో పరీక్షించినది. త్రవ్వకాలకు వర్తించే అంతర్జాతీయ నియమావళి మాత్రం 2025 చివరికి కూడ పూర్తి కాలేదు.

ఇక్కడ రెండు వాదాలు ఉన్నవి. లోహాల అవసరం పెరుగుతున్నది. నేలపై గనులకు కూడ అడవులు, ఊళ్ళు బలి అవుతున్నవి అని ఒక వాదం. ఊటలు ఎట్లాగూ కొంతకాలానికి చల్లారేవే, లావాలో మునిగేవే, జీవులు కొత్త ఊటలకు తరలిపోతాయి అని కూడ కొందరు అంటారు. గాలపాగోస్ వద్ద 1979 లో చూచిన 'గులాబితోట' అనే జీవసముదాయం 2002 లో తిరిగి వెళ్ళేసరికి లావాక్రింద కప్పబడిపోయినది. ఆ ప్రక్కనే క్రొత్త ఊట వద్ద చిన్న పురుగులు మొలకలెత్తి ఉన్నవి. ఐతే ప్రక్క ఊటనుండి పిల్లజీవులు కొట్టుకొని వచ్చినప్పుడే కొత్త ఊట నిండుతుంది. అన్ని ఊటలను ఒక్కసారిగా కదిలిస్తే విత్తనానికి కూడ మిగలదని రెండవ వాదం. దేనిది ఎంతవరకు నిజమో తేలడానికి చూడవలసినది ఇంకా చాల ఉన్నది.

ఎంత ఉన్నది? 200 మీటర్లకు మించి లోతైన సముద్రపుటడుగు భూతలంలో దాదాపు మూడింట రెండు వంతులు. అందులో మానవుడు కంటితోగాని కెమెరాతోగాని చూచినది 0.001 శాతానికి మించదని 2025 లో ప్రచురితమైన ఒక పరిశోధన లెక్కకట్టినది. అనగా లక్ష పాళ్ళలో ఒక పాలు. 1977 లో పదమూడు చిత్రాలు పాఠ్యపుస్తకాలలోని ఒక వాక్యాన్ని సవరించినవి. మిగిలిన తొంబదితొమ్మిదివేల తొమ్మిదివందల తొంబదితొమ్మిది పాళ్ళలో ఏమున్నదో, దానిని త్రవ్వే యంత్రాలు ముందు చేరుతాయా, చూచే కెమెరాలు ముందు చేరుతాయా అన్నది, నేడు ఉన్నత పాఠశాలలలో చదువుతున్న విద్యార్థులు పెద్దవారయ్యేలోగా తేలనున్నది.