అమ్మమ్మ వేలిముద్ర ఎవరికి పనికొచ్చింది?

మా ఇంట్లో సాయంత్రమైతే తంబాకు వాసన. అమ్మమ్మ ఒడిలో చాట పెట్టుకుని కూర్చుంటుంది. కత్తిరించిన తునికాకులో చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, కొస మడిచి, దారం కడుతుంది. చేతులు వాటంతటవే నడుస్తుంటాయి, నోరు మాత్రం మాతో మాట్లాడుతూనే ఉంటుంది. మన షోలాపూర్ తెలుగు ఇళ్ళల్లో ఇది కొత్త సంగతి కాదు. మన క్లాసులోనే చాలామంది ఇళ్ళల్లో ఇదే కథ.

పోయిన నెల రాజనీతి శాస్త్రం క్లాసులో మేడం 'లాబీయింగ్' గురించి చెప్పారు. నోట్సులో రెండు ముక్కలు రాసుకున్నాను. చట్టాలు చేసేవాళ్ళను తమకు అనుకూలంగా తిప్పుకునే ప్రయత్నమే లాబీయింగ్. చట్టసభ బయటి హాలును లాబీ అంటారు, సభ్యులను అక్కడ కలిసి మాట్లాడేవాళ్ళు కాబట్టి ఆ పేరు. పరీక్షకు అది చాలు. ఇంటికొచ్చి చదువుకుంటుంటే అమ్మమ్మ "అదేంది బిడ్డా, జర నాకు గూడ చెప్పు" అంది. తెలుగులో విడమరిచి చెప్పాను. అంతా విని, "గట్లనా, అయితే నాతోని గూడ చేపిచ్చిండ్రు" అంది.

అప్పుడు నేను చిన్న పిల్లను. అమ్మమ్మ బీడీలు అప్పగించే బ్రాంచి కొన్ని రోజులు మూసేశారట. ఎందుకంటే, కట్ట మీద బొమ్మ పెద్దది చేయాలని ఢిల్లీలో రూలు వచ్చిందట. తర్వాత ఒక కాగితం తెచ్చి అందరి దగ్గర సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు. "ఏం రాసున్నదో సదివి చెప్పలె. బొమ్మ పెద్దగైతె మీ పని పోతది, వేలు పెట్టుమన్నరు. పెట్టిన" అంది.

ఆ కాగితం ఎక్కడికి పోయిందో అమ్మమ్మకు తెలియదు. నాకూ తెలియదు. కానీ ఆ బొమ్మ కథ మాత్రం వెతికి చదివాను. లాబీయింగ్ అంటే ఏమిటో నాకు నోట్సు కంటే ఆ కథే బాగా నేర్పింది.

బొమ్మ కథ

పొగాకు వస్తువుల మీద హెచ్చరిక వేయాలని మన దేశంలో 2003లో చట్టం వచ్చింది. అంటే అసలు పని పార్లమెంటు అప్పుడే చేసేసింది. కానీ ఆ హెచ్చరిక ఎంత పెద్దదిగా ఉండాలి, ఏ బొమ్మ వేయాలి, ఎప్పటినుంచి వేయాలి అనే వివరాలు చట్టంలో ఉండవు. వాటిని తర్వాత ప్రభుత్వం నియమాల రూపంలో తయారు చేస్తుంది. చట్టం మీద సభలో చర్చ జరుగుతుంది, టీవీలో వస్తుంది, పేపర్లో వస్తుంది. నియమాలను మనలాంటివాళ్ళు ఎవరూ పట్టించుకోరు. పట్టించుకునేది ఎవరంటే, వాటివల్ల లాభమో నష్టమో నేరుగా తగిలేవాళ్ళు. ఈ తేడా గుర్తుంచుకుంటే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది.

బొమ్మ హెచ్చరికలు నిజంగా పెట్టెల మీదికి వచ్చేసరికి 2009 మే 31 అయింది. చట్టానికి, బొమ్మకు మధ్య ఆరేళ్ళు. అప్పుడు కూడా ముందు వైపు మాత్రమే, 40 శాతం. 2014 అక్టోబరులో ఆరోగ్య మంత్రిత్వ శాఖ కొత్త నియమం ప్రకటించింది. ముందూ వెనకా రెండు వైపులా 85 శాతం హెచ్చరికే ఉండాలి, 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు.

ఆ తేదీ ఇంకా కొన్ని రోజులు ఉందనగా నియమం ఆగిపోయింది. లోక్‌సభలో ఇలాంటి నియమాలను పరిశీలించే కమిటీ ఒకటి ఉంటుంది. తాము పరిశీలించేదాకా ఆపమని ఆ కమిటీ చెప్పింది. దానికి అధ్యక్షుడు మన పక్క జిల్లా, అప్పటి అహ్మద్‌నగర్ ఎంపీ దిలీప్ గాంధీ. పొగాకు వల్ల క్యాన్సర్ వస్తుందని చెప్పే అధ్యయనాలన్నీ విదేశాలవే, మన దేశంలో చేసినవి లేవు అని ఆయన అన్నారు. పేపర్లలో పెద్ద దుమారం రేగింది. టాటా మెమోరియల్ లాంటి క్యాన్సర్ ఆసుపత్రులు మన మహారాష్ట్రలోనే ఉండగా ఆ మాట అనడం చాలామందికి మింగుడు పడలేదు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. అదే కమిటీలో అలహాబాద్ ఎంపీ శ్యామా చరణ్ గుప్తా సభ్యుడు. ఆయనది బీడీల వ్యాపారం. అది రహస్యమేమీ కాదు, అందరికీ తెలిసిందే. బీడీ కట్ట మీద హెచ్చరిక ఎంత ఉండాలో తేల్చే బల్ల దగ్గర బీడీ యజమాని కూర్చున్నాడు. బీడీ చుట్టే మనిషికి అక్కడ కుర్చీ లేదు. ఆమె వేలిముద్ర మాత్రం ఎవరి చేతిలోనో ఉంది.

తర్వాత కమిటీ 85 శాతం మరీ ఎక్కువ, 50 శాతం చాలు అని 2016 మార్చిలో సిఫారసు చేసింది. ఈలోగా కొందరు కోర్టుకు వెళ్ళారు. ప్రభుత్వం చివరికి 85 శాతానికే నిలబడి 2016 ఏప్రిల్ 1 నుంచి అమలు మొదలుపెట్టింది. పెద్ద సిగరెట్ కంపెనీలు అదే రోజు ఉత్పత్తి ఆపేశాయి. మేలో సుప్రీంకోర్టు నియమం పాటించాల్సిందేనని చెప్పింది. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. అలా 85 శాతం నిలిచింది.

ఆఖరికి బొమ్మ పెద్దదే అయింది కదా, ఇక బాధేమిటి అని మీరు అడగొచ్చు. ఒక ఏడాది పోయింది. మన దేశంలో పొగాకు వల్ల ఏటా 13 లక్షలకు పైగా మనుషులు చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. లాబీయింగ్‌కు ప్రతిసారీ గెలవాల్సిన పని లేదు. ఆలస్యం చేయగలిగితే చాలు. ఆగిన ప్రతి నెలా పాత కట్ట పాత బొమ్మతోనే అమ్ముడుపోతుంది.

మరి డబ్బు ఎక్కడుంది?

ఈ కథలో ఎవరో ఎవరికో లంచం ఇచ్చారని నేను అనడం లేదు. లాబీయింగ్ అనగానే మనకు సినిమాలో లాగా సూట్‌కేసు గుర్తొస్తుంది. డబ్బు బలం ఎక్కువసార్లు అలా ఉండదు. ఢిల్లీలో ఆఫీసు పెట్టుకోవడం, లాయర్లను పెట్టుకోవడం, ప్రతి నియమం మీద కన్నేసి ఉంచే మనుషులకు జీతాలివ్వడం, ఎంపీల ముందు పెట్టడానికి నివేదికలు రాయించడం, ఇవన్నీ డబ్బు ఉన్నవాళ్ళు చేయగలిగే పనులు. ఇందులో ఏదీ నేరం కాదు. కానీ రోజుకు వెయ్యి బీడీలు చుడితే తప్ప గడవని మనిషి వీటిలో ఒక్కటి కూడా చేయలేదు.

ఇంకో దారి పార్టీలకు ఇచ్చే చందాలు. ఒక కంపెనీ తన మూడేళ్ళ సగటు లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదని ఇంతకు ముందు హద్దు ఉండేది. 2017లో ఆ హద్దు తీసేశారు. అదే ఏడాది ఎలక్టోరల్ బాండ్ల పద్ధతి తెచ్చారు. ఎవరు ఎవరికి ఇచ్చారో ఓటరుకు తెలిసేది కాదు. 2018 నుంచి 2024 దాకా అమ్మిన బాండ్ల విలువ దాదాపు 16,518 కోట్ల రూపాయలు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా ఈ పద్ధతిని కొట్టేశారు. పార్టీకి డబ్బిచ్చినవాళ్ళు బదులుగా విధానాలు మార్పించుకునే అవకాశం ఉంది, అందుకే ఎవరిచ్చారో తెలుసుకోవడం ఓటరు హక్కు అని చెప్పారు. కొన్నవాళ్ళ పేర్లు ఆ తర్వాతే బయటికొచ్చాయి. బాండు కొన్నంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. కానీ పేరు తెలియకపోతే తప్పో ఒప్పో అడగడానికి కూడా వీల్లేదు.

ఇక్కడి సంగతి అక్కడి కాగితాల్లో

అమెరికాలో లాబీయింగ్ బాహాటంగానే జరుగుతుంది, మన దగ్గర కంటే చాలా పెద్ద ఎత్తున. కానీ 1995 నాటి చట్టం ప్రకారం ఎవరు, ఏ విషయం మీద, ఎంత ఖర్చు పెట్టి లాబీయింగ్ చేశారో కాగితం మీద రాసివ్వాలి. ఎవరైనా చదువుకోవచ్చు. దానివల్ల డబ్బు బలం తగ్గిందని కాదు, కనిపిస్తుంది, అంతే.

2012 డిసెంబరులో మన పార్లమెంటులో పెద్ద గొడవ జరిగింది. వాల్‌మార్ట్ కంపెనీ నాలుగేళ్ళలో లాబీయింగ్‌కు దాదాపు 2.5 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది, దాని విషయాల్లో భారత మార్కెట్‌లోకి రావడం కూడా ఒకటి అని తేలింది. ఆ ఖర్చంతా అమెరికాలోనే పెట్టామని కంపెనీ చెప్పింది. నాకు విచిత్రంగా తోచింది వేరే సంగతి. ఇది మనకు ఎలా తెలిసింది? ఆ కంపెనీ అమెరికా చట్టం ప్రకారం అక్కడ రాసిచ్చిన కాగితాల వల్ల. మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఒడిశా ఎంపీ కలికేశ్ నారాయణ్ సింగ్ దేవ్ 2013లో ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

అమ్మమ్మ కూడా లాబీయింగ్ చేసింది

ఇదంతా చెబితే అమ్మమ్మ, "అయితే పోయి అడుగుడు తప్పానే?" అంది. కాదు అమ్మమ్మా. అడగడం తప్పయితే షోలాపూర్‌లో బీడీ కార్మికులకు ఇళ్ళే వచ్చేవి కావు. ఆడం మాస్టర్ వెంట మన ఆడవాళ్ళు ఎన్నేళ్ళు మోర్చాలు తీస్తే కుంభారిలో గోదూతాయి పరులేకర్ పేరుతో పదివేల ఇళ్ళు వచ్చాయో మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు తెలుసు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ఆ ఇళ్ళు అప్పగించారు. అది కూడా ప్రభుత్వాన్ని ఒత్తిడి చేయడమే. కానీ నడిరోడ్డు మీద, పట్టపగలు, జెండా పట్టుకుని చేశారు. ఎవరు అడుగుతున్నారో, ఏం అడుగుతున్నారో ఊరంతా చూసింది. రెండింటికీ తేడా అదే.

ఇంకొక మాట. బొమ్మ పెద్దదైతే అమ్మమ్మ పని పోతుందన్న భయం అబద్ధం కాదు. దేశంలో దాదాపు 50 లక్షల మంది బీడీ కార్మికులున్నారు, అందులో ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళకు వేరే పని చూపించకుండా హెచ్చరికలు మాత్రం పెంచుకుంటూ పోతే అదీ న్యాయం కాదు. కానీ నిజంగా ఆ భయమే ఉంటే, ఆ కాగితంలో ఇంకా కొన్ని అడిగి ఉండాల్సింది. వెయ్యి బీడీలకు కూలి పెంచమని, తంబాకు దుమ్ముకు రాత్రంతా దగ్గేవాళ్ళకు మందులు ఇప్పించమని, వేరే పని నేర్పమని. బీడీల మీద వసూలు చేసే సెస్సుతో మన ఆసుపత్రులు, మనలో కొందరికి వచ్చే స్కాలర్‌షిప్పులు నడిచేవి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సు రద్దయింది. అప్పుడు మాత్రం వేలిముద్ర వేయమని మా గల్లీకి ఎవరూ కాగితం తీసుకురాలేదు.

నేను అనుకునేది ఇంతే. మంత్రులను, ఎంపీలను ఎవరు, ఏ నియమం గురించి కలిశారో రాసిపెట్టాలి. తన వ్యాపారం మీద నిర్ణయం జరిగేటప్పుడు ఆ సభ్యుడు తనంతట తానే లేచి బయటికి పోవాలి. ఒక మనిషి పేరు చెప్పుకుని ఢిల్లీకి పోయే కాగితాన్ని ముందు ఆ మనిషికి ఆమె భాషలో చదివి వినిపించాలి.

మొదటి రెండూ మన చేతిలో లేవు. మూడోది ఉంది. మన ఇళ్ళల్లో అమ్మలకు, అమ్మమ్మలకు మరాఠీ కాగితం వస్తుంది, ఇంగ్లీషు కాగితం వస్తుంది. మనం తెలుగు చదువుకుంటున్నాం, మిగతా రెండూ వచ్చు. ఈసారి ఎవరైనా వేలు పెట్టమంటే, "ఆగండి, ముందు చదువుతా" అనగలం.

మొన్న ఈ వ్యాసం అమ్మమ్మకు చదివి వినిపించాను. అంతా విని, "ఇది మంచిగున్నది. దీని కింద వేలు పెట్టుమంటె పెడత" అంది.