వసంతకాలంలో మన సముద్రం: వేట, విరామం

మార్చి నెల అనగానే దాచేపల్లి వాసులకు కల్లాలలో ఎండుతున్న మిరపకాయలు కళ్ళకు కడతాయి. అదే నెలలో మనకు తూర్పున ఉన్న బంగాళాఖాతంలోనూ ఒక పంట చేతికి వస్తుంది. అది చేపల పంట. మన నాగులేరు కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి వద్ద సముద్రంలో కలుస్తుంది. ఆ సంగమానికి నైరుతి దిశగా నిజాంపట్నం, సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం వరుసగా ఉన్నాయి. ఆ తీరంలో వసంతకాలపు వేట ఎట్లా సాగుతుంది? వేటకు అనువైన రోజులలోనే దానిని ఎందుకు ఆపుతారు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానమే ఈ వ్యాసం.

నవంబరు, డిసెంబరు నెలలలో మన తీరం వెంట సముద్ర ప్రవాహం ఉత్తరం నుండి దక్షిణానికి సాగుతుంది. ఫిబ్రవరి నుండి అది దిశ మార్చుకొని, మార్చి, ఏప్రిల్ నెలలలో ఈశాన్యంగా బలంగా పారుతుంది. అప్పుడు గాలి కూడా నైరుతి నుండి తీరం వెంట వీస్తుంది. భూభ్రమణం వలన ఉత్తరార్ధగోళంలో గాలికి కదిలిన పైనీరు కుడివైపునకు, అనగా మన తీరం నుండి లోపలి సముద్రం వైపునకు జరుగుతుంది. ఆ ఖాళీని పూరించడానికి లోతులోని చల్లని నీరు లవణపోషకాలతో పైకి వస్తుంది. 1950ల ఆరంభంలో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండి ఈ విషయాన్ని పరిశోధించారు.

పైకి వచ్చిన పోషకాలతో ప్లవకాలు పెరుగుతాయి. వాటిని తినడానికి కవళ్ళు, కానాగంతలు గుంపులుగా చేరుతాయి. వాటి వెంట వంజరం, పార, సొర వంటి వేటాడే చేపలు వస్తాయి. అయితే ఒక సంగతి గమనించాలి. గంగ, గోదావరి, కృష్ణ మొదలైన నదుల మంచినీరు తేలికైనది కనుక బంగాళాఖాతంపై మూతవలె పరచుకొని ఉంటుంది. అందువలన ఇక్కడ క్రింది నీరు పెరూ దేశపు తీరంలో వలె సమృద్ధిగా పైకి రాలేదు. మన సముద్రపు సంపద పరిమితమైనది.

గాలంతో వినోదార్థం వేటాడేవారు ఈ ఋతువులో పోటు పాటులను గమనిస్తారు. అమావాస్య, పౌర్ణమి రోజులలో పోటు హెచ్చుగా ఉంటుంది. నీరు కదిలే వేళ చిన్న చేపలు, రొయ్యలు కాలువల మొగలలోకి కొట్టుకొని వస్తాయి. వాటికోసం పండుగప్ప, మాగ అక్కడ కాచుకొని ఉంటాయి. కదలని నీటిలో గాలం వేసినవాడు తరచు రిక్తహస్తాలతో తిరిగి వస్తాడు. వంజరం పళ్ళు కత్తుల వంటివి. అందుకే గాలానికి ముందు కొంత మేర ఉక్కు తీగ కట్టాలి. లేనిచో దారం తెగిపోతుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి హెచ్చి కెరటాలు లేస్తాయి కనుక తెల్లవారుజామే వేటకు అనుకూలం. మే నెలలో తుపానుల భయం కూడా కలదు. 1990 మే 9న కృష్ణాతీరాన్ని తాకిన తుపాను వందలాది ప్రాణాలను బలిగొన్నది.

ఇక విరామం సంగతి. తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవల వేట నిషేధం. యంత్రం లేని సంప్రదాయపు పడవలకు మినహాయింపు ఉన్నది. అనేక జాతుల చేపలు, రొయ్యలు గ్రుడ్లు పెట్టే కాలమిది. వర్షాకాలంలో నదులు తెచ్చే ఒండ్రు, మడ అడవుల నీడ వాటి పిల్లలకు పోషణనిస్తాయి. అడుగును ఊడ్చే ట్రాల్ వల తల్లిని, పిల్లను వేరు చేసి చూడదు.

ఆగకుండా పట్టిన ఫలితాన్ని పెరూ చవిచూసింది. 1970లో అక్కడ కోటి టన్నులకు మించి ఆంకోవీ చేపలు పట్టారు. మితిమీరిన వేటకు 1972 నాటి ఎల్‌నినో వేడినీరు తోడైంది. 1973 నాటికి పట్టుబడి 20 లక్షల టన్నుల ప్రాంతానికి పడిపోయింది. ఫ్యాక్టరీలు మూతపడి, పనివారు వీధినపడ్డారు.

అయితే నిషేధపు భారం తీరవాసుల కడుపు మీద పడుతుంది. పడవ ఒడ్డున నిలిస్తే గంపలో చేపలు పెట్టుకొని ఊరూరా అమ్మే స్త్రీకి కూడా ఆ రోజు కూలి లేదు. ఈ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం 2019 నుండి కుటుంబానికి రూ.10,000 చొప్పున భృతి ఇచ్చింది. 2025లో దానిని రూ.20,000 చేసింది. రెండు నెలలకు ఆ సొమ్ము ఎంతవరకు సరిపోతుందో ఇల్లు నడిపే ప్రతివారూ లెక్క వేసుకోగలరు. రేపు మన పళ్ళెంలోకి వచ్చే చేప కోసం నేడు వారు పస్తులుంటున్నారన్న మాట మనం మరువరాదు.

విహారయాత్రకు సూర్యలంక వెళ్ళే మిత్రులకు ఒక మనవి. సరదాకు గాలం వేసినప్పుడు చిన్న చేప, గ్రుడ్లున్న చేప పడితే చేతులు తడుపుకొని మెల్లగా గాలం తీసి నీటిలో వదలండి. పొడి చేతితో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పొర పోయి రోగాల పాలవుతుంది.

మన రైతు ఎంత కరువు వచ్చినా విత్తనపు గింజను వండుకోడు. సముద్రానికి ఆ విత్తనం ఏప్రిల్, మే నెలల చేప. మన ఉర్దూ మిత్రులు సబ్ర్ అని పిలిచే ఓర్పునే జాలరి ఏటా 61 రోజులు ఆచరిస్తున్నాడు. ఆ ఓర్పు ఫలం అందరిదీ అయినప్పుడు, దాని ఖర్చు అతడొక్కడిదే కావడం న్యాయం కాదు.