చిన్న కారుకు పెద్ద ఇంజన్ బిగిస్తే ఏమవుతుంది?

పోయిన నెల ఇక్కడ బోరుబావి గురించి రాసినారు, బాగుండాది. ఈసారి నేను కారు ఇంజన్ గురించి రాస్తున్నాను. ఆడపిల్లకు ఇంజన్‌తో ఏమి పని అని కొందరు నవ్వవచ్చును. నవ్వేసి తరువాత చదవండి.

మారుతి 800 కారు మీకందరికీ తెలుసు. అది 1983 డిసెంబరులో వచ్చింది. 2014 జనవరిలో కంపెనీవాళ్ళు దాని తయారీ నిలిపివేసినారు. కొత్తవి రాకపోయినా పాతవి మన గార్లదిన్నె చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా తిరుగుతానే ఉండాయి. మా తండాలో మా మామకు ఒకటి ఉంది. రాత్రిపూట ఎవరికైనా కాన్పు నొప్పులు వచ్చినా, చేనులో పాము కరిచినా ముందు మామ తలుపే కొడతారు. అయితే ఆ కారు ఇప్పుడు తండా మిట్ట ఎక్కలేకపోతోంది. ఏడుమంది ఎక్కితే ఫస్టు గేరులోనే మూలుగుతాది. అందుకని మామ రెండు పొట్టేళ్ళు అమ్మి, గుజిరీ అంగడిలో జెన్ కారు ఇంజన్ ఒకటి కొని తెచ్చినాడు. దాన్ని ఈ కారులో బిగించవలెనని ఆయన ఆశ. ఇది అయ్యే పనేనా, అయితే ఏమేమి మార్చాలి అనేది దసరా సెలవుల్లో మేస్త్రి చెప్పగా విని, మన సైన్సు పుస్తకంతో పోల్చుకొని రాస్తున్నాను.

మొదట సి.సి. అంటే ఏమో చూద్దాము. అది ఘన సెంటీమీటరు. ఒక సి.సి. అంటే ఒక మిల్లీలీటరు. పేరుకు 800 గానీ ఆ ఇంజన్ 796 సి.సి. మాత్రమే. అందులో మూడు సిలిండర్లు ఉంటాయి. ఒక్కో సిలిండరులో పిస్టన్ పైనుంచి కిందికి దిగితే సుమారు 265 మిల్లీలీటర్ల చోటు ఏర్పడుతుంది. అంటే ఒక పెద్ద స్టీలు గ్లాసు. జెన్ ఇంజన్ 993 సి.సి., దానికి నాలుగు సిలిండర్లు. భాగహారం చేస్తే ఒక్కోటి సుమారు 248 వస్తుంది. చూసినారా, గ్లాసు పెద్దది కాలేదు, ఇంకా కొంచెం చిన్నదే అయింది. కాకపోతే మూడు గ్లాసులకు బదులు నాలుగు. దీనివలన 37 హార్స్ పవర్ దగ్గర ఉన్న బలం సుమారు 50 అవుతుంది.

ఇంజన్ చేసేది నాలుగు పనులు. పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం. పీల్చేటప్పుడు బరువులో సుమారు 15 పాళ్ళు గాలికి ఒక పాలు పెట్రోలు కలుస్తుంది. గాలి లేకుండా వట్టి పెట్రోలు ఎంత పోసినా మండదు. కాబట్టి పెద్ద ఇంజన్ అంటే ఎక్కువ గాలి పీల్చే ఇంజన్ అని అర్థము.

ఇక్కడ మన అనంతపురం జిల్లావాళ్ళకు ఒక ఉదాహరణ చెప్తే వెంటనే అర్థమవుతుంది. బోరులో 5 హార్స్ పవర్ మోటారు తీసి 7.5 దించినారనుకోండి. పాత కేబుల్ అట్లే పెట్టినారు, పాత స్టార్టరు అట్లే ఉంచినారు. కొత్త మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, కేబుల్ వేడెక్కుతుంది, స్టార్టరు కాలుతుంది. మోటారు మంచిదే, దానికి పాపం ఏమీ తెలియదు. కారు కూడా ఇంతే. ఇంజన్ ఒక్కటే మారితే దాని వెనుక ఉన్నవన్నీ పాత బలానికి చేసినవే గదా.

కొన్ని కార్లలో ఈ మార్పు సులభంగా అవుతుంది. జెన్ ఇంజన్, ఎస్టీమ్ కారు 1298 సి.సి. ఇంజన్ ఒకే కుటుంబము. అందుకే జెన్‌లో ఎస్టీమ్ ఇంజన్ వేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. మారుతి 800 ఇంజన్ మాత్రం వేరే కుటుంబము. మా లంబాడీలలో ఒకే గోత్రమైతే పెళ్ళి చేయరు. ఇంజన్లలో అది తిరగబడింది, ఒకే గోత్రమైతేనే జత కుదురుతుంది! పాత గేర్‌బాక్సుకు కొత్త ఇంజన్ బోల్టు రంధ్రాలు కలవవు. కాబట్టి గేర్‌బాక్సు కూడా జెన్‌దే తేవాలి. గేర్‌బాక్సు మారితే దానినుంచి చక్రాలకు పోయే షాఫ్టులు కలవవు. ఇంజన్ కూర్చునే మౌంటింగులు కోసి మళ్ళీ వెల్డింగు చేయాలి. సైలెన్సరు పైపు, క్లచ్చి వైరు, యాక్సిలరేటరు వైరు అన్నీ మారతాయి. పాత జెన్‌లకు కార్బరేటరు ఉంటుంది. తరువాత వచ్చినవాటికి కంప్యూటరుతో నడిచే ఇంజెక్షన్. అది తెస్తే వైర్ల కట్ట మొత్తం తేవాలి. మామ తెచ్చింది కార్బరేటరుదే, అదొక్కటి మేలు.

రేడియేటరు సంగతి మన ఎండలకు ముఖ్యము. పెట్రోలు మండగా వచ్చే వేడిలో చక్రం తిప్పేందుకు పనికొచ్చేది సుమారు నాలుగో భాగమే. మిగిలినదాంట్లో చాలా భాగం పొగతోనూ, రేడియేటరు నీళ్ళతోనూ పోతుంది. నాలుగు గ్లాసుల వేడిని మూడు గ్లాసుల రేడియేటరు చల్లార్చలేదు. మే నెలలో, మిట్ట మీద, ఏడుమందితో పోయేటప్పుడు నీళ్ళు పొంగితే దిగి నడవవలసిందే. కాన్పు మనిషి ఎట్లా నడుస్తుంది?

ఇవన్నీ డబ్బు పెడితే అయ్యే పనులు. మేస్త్రి అసలు ప్రశ్న వేరే అడిగినాడు. ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగి, బీడీ ఆర్పి, "ఏమప్పా, ఉరికేదానికి తెచ్చినావు సరే. నిలిపేదానికి ఏం తెచ్చినావు?" అన్నాడు. మామ మాట్లాడలేదు.

మన 9వ తరగతి పుస్తకంలో గతిజ శక్తి సూత్రం ఉంది గదా, ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. పరీక్షకు బట్టీ పట్టినాము. ఇప్పుడు కారుకు వేసి చూడండి. కారు బరువు సుమారు 650 కిలోలు, మనుషులు సామాన్లు 350 అనుకుంటే మొత్తం 1000 కిలోలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాని శక్తి సుమారు 1,39,000 జౌళ్ళు. 90లో పోతే 3,12,500 జౌళ్ళు. వేగం ఒకటిన్నర రెట్లే అయింది, శక్తి రెండుంపావు రెట్లయింది. బ్రేకు తొక్కినప్పుడు ఆ శక్తి అంతా బ్రేకుల దగ్గర వేడిగా మారాలి. కారు నిలిచేందుకు పట్టే దూరం కూడా ఆ లెక్కలోనే పెరుగుతుంది. మన పక్కన పోయే 44వ నంబరు హైవే మీద, పాతకాలంలో దాన్ని 7వ నంబరు అనేవాళ్ళు, గొర్రెల మందలు ఎట్లా అడ్డం వస్తాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇదే పనిని ఇంగ్లండు దేశంలో ఎట్లా చేసినారో తెలుసుకుంటే బాగుంటుంది. 1959లో అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు మినీ అనే చిన్న కారు తయారుచేసినాడు. ఇంజన్ 848 సి.సి., అంటే మన మారుతి కంటే కొంచెమే ఎక్కువ. పందెపు కార్లు చేసే జాన్ కూపర్ అనే ఆయన దాన్ని చూసి, దీనికి బలం పెంచితే బాగుంటుందని అన్నాడు. 1961లో మినీ కూపర్ వచ్చింది. ఇంజన్ 997 సి.సి. అయింది. కానీ దానితోపాటే ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టినారు. ఇంజన్ ఇప్పుడు, బ్రేకులు తరువాత అనుకోలేదు. ఇంకా పెద్ద ఇంజన్ వేసిన ఇలాంటి చిన్న కారే 1964లో మాంటే కార్లో అనే పెద్ద పందెం గెలిచింది.

ఇంటి దగ్గర ఇంజన్ దించే విధానం కూడా క్లుప్తంగా చెప్తాను. మొదట బ్యాటరీ వైరు పీకాలి. చల్లారిన తరువాతనే రేడియేటరు నీళ్ళు వదలాలి. పెట్రోలు పైపు మూయాలి, దగ్గర ఎవరూ బీడీ కాల్చరాదు (మేస్త్రి తనే దూరం పోయి కాల్చి వచ్చినాడు). చైన్ పుల్లీని వేపకొమ్మకు కట్టుదామంటే మేస్త్రి ఒప్పుకోలేదు, మూడు ఇనుప పైపులు నిలబెట్టి దానికి వేలాడదీసినాడు. వట్టి జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎప్పుడూ దూరకూడదు. పీకిన వైర్లు ఏది ఎక్కడిదో గుర్తుండాలని మా యాడి కుట్టుపనికి పెట్టుకున్న రంగుదారాలు ఇచ్చింది. ఎర్రదారం డైనమోకు, పచ్చదారం స్టార్టరుకు. ముడులు వేసింది నేనే. స్పానరుకు, గాస్కెట్టుకు మా భాషలో మాటలు లేవు, ఆ దారం రంగులకు మాత్రం ఉన్నాయి.

పాత ఇంజన్ బయటికి తీసి హెడ్డు విప్పినప్పుడు ఒక సంగతి బయటపడింది. సిలిండరు గోడలు అరిగిపోయినాయి. పిస్టన్ రింగులు అరిగినాయి. నొక్కినప్పుడు గాలి పక్కలనుంచి జారిపోతోంది, ఆయిలు పైకి వచ్చి మండుతోంది. నీలం పొగ అందుకే. అంటే కారు మిట్ట ఎక్కనిది ఇంజన్ చిన్నదని కాదు, అరిగిందని. నలుగురు ఎక్కవలసిన దాంట్లో ఏడుమంది ఎక్కినారని కూడా! దీనికి మందు బోరు చేయించడం. బోరు అంటే మనకు నీళ్ళ బోరే గుర్తొస్తుంది. ఇది సిలిండరును లోపల సమంగా చెక్కించి, కొంచెం లావు పిస్టన్లు, కొత్త రింగులు వేయడం. అనంతపురంలో లేతు మిషన్ల దగ్గర చేస్తారు. గేర్‌బాక్సు, షాఫ్టులు, బ్రేకులు ఏవీ మార్చనక్కరలేదు.

నా అభిప్రాయం అడిగితే బోరు చేయించడమే మేలు. మామకు మాత్రం పొట్టేళ్ళ బాధ ఉంది. ఆయన బాధ కూడా తప్పు కాదు. పెద్ద ఇంజన్‌ను అన్నీ మార్చి సరిగా బిగిస్తే నిజంగా లాభమే, మిట్ట మీద ఇంజన్ అంత అవస్థ పడదు, లారీని దాటేందుకు ఊపిరి ఉంటుంది.

కాగితాల సంగతి ఒకటి మిగిలింది. ఆర్.సి.లో ఇంజన్ నంబరు, సి.సి. రాసి ఉంటాయి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్లు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. ఆర్.సి.కి కలవని ఇంజన్‌తో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర చిక్కు వస్తుంది. అప్పుడు బండిలో కూర్చున్న తండా మనుషుల గతి ఏమి? 15 ఏళ్ళు దాటిన కారును మళ్ళీ రిజిస్ట్రేషన్‌కు తీసుకుపోతే చూసే అధికారిని మన జనం బ్రేకు ఇన్‌స్పెక్టరు అంటారు. ఇంజన్ ఇన్‌స్పెక్టరు అని ఎవరూ అనరు, గమనించినారా?

ప్రస్తుతం పాత ఇంజన్ బోరుకు పోయింది. జెన్ ఇంజన్ వేపచెట్టు కింద గోనెసంచి కప్పుకొని ఉండాది. మా మేనత్త కొడుకు దాని మీద కూర్చొని స్టీరింగు తిప్పుతాంటాడు. కొనేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, మామ రెండు పొట్టేళ్ళ ధరకే ఇస్తాడంట.

— 9వ తరగతి విద్యార్థిని