కాయితం అమెరికాది, కాపురం మనది

"అక్కా, గిదేందో జర సదివి చెప్పవా?" అంటూ మా వీధి చివరింటి అమ్మాయి ఓ మధ్యాహ్నం మందపాటి కవరొకటి తెచ్చింది. పెళ్ళయి నాలుగేళ్ళు. భర్త అమెరికాలో ఉంటాడు. ఏడాదిగా ఫోన్లు తగ్గాయి. కవరులో ఉన్నది విడాకుల అర్జీ. 'మా వివాహం ఇక బాగుపడదు' అన్నదొక్కటే అందులో కారణం. చివరి పేజీలో ఆమె సమ్మతి సంతకానికి ఖాళీ జాగా.

"పెట్టేస్తే పీడ వోతది బిడ్డా" అంటోంది వెంట వచ్చిన తల్లి.

పీడ అంత సులువుగా పోతుందా? నేను వకీలును కాను గానీ, ఈ విషయంలో తెలుగు ఆడపడుచు గెలిచిన కేసు ఒకటుందని చదివాను. అది చెప్పాను.

ఆ దంపతులకు 1975లో తిరుపతిలో పెళ్ళయింది. 1978లో విడిపోయారు. భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో తొంభై రోజులు నివాసమున్నానని చూపి, 1980లో అక్కడి కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు. 1981లో మరో పెళ్ళి చేసుకున్నాడు. భార్య ఊరుకోలేదు. ద్విభార్యత్వం కేసు పెట్టింది. పదేళ్ళ పోరాటం తర్వాత, 1991 జూలై 9న సుప్రీంకోర్టు ఆ అమెరికా విడాకులు ఇక్కడ చెల్లవని తేల్చింది.

ఎందుకు చెల్లవు? రెండు దేశాల పద్ధతి వేరు గనుక. అమెరికాలో కుటుంబ చట్టం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. తప్పెవరిదో చెప్పకుండానే విడాకులిచ్చే పద్ధతిని కాలిఫోర్నియా 1970లో మొదలుపెట్టింది. ఇంగ్లండ్ ఆ దారికి వచ్చింది 2022లో. మనకు 1955 నాటి హిందూ వివాహ చట్టం హుజూరాబాద్‌లోనైనా ముంబయిలోనైనా ఒక్కటే. క్రూరత్వం, రెండేళ్ళు వదిలేయడం వంటి కారణాలు రుజువు కావాలి. లేదా ఇద్దరూ ఒప్పుకోవాలి. 'బంధం తెగిపోయింది' అన్న ఒక్క మాట మీద విడాకులిచ్చే అధికారం కింది కోర్టులకు లేదు. ప్రత్యేకాధికారంతో తాను ఇవ్వగలనని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది.

అంటే కాయితం తెచ్చుకున్న భర్త అక్కడ ఒంటరివాడు, ఇక్కడ మాత్రం ఇంకా ఆమె మొగుడే!

అయితే అసలు మెలిక ఇక్కడుంది. భార్య తానై ఒప్పుకుంటే విదేశీ తీర్పు ఇక్కడా చెల్లుతుందని ఆ 1991 తీర్పే చెప్పింది. ఆమె ఆ కోర్టు అధికారాన్ని మనస్ఫూర్తిగా అంగీకరించి, మన చట్టంలో ఉన్న కారణం మీదనే వాదించినా చెల్లుతుంది. అందుకే ఆ ఖాళీ జాగా అంత విలువైనది. అలాగని కవరును పెట్టెలో పడేయడమూ తప్పే. అక్కడి కోర్టు ఏకపక్షంగా తీర్పివ్వొచ్చు. పిల్లలుంటే చిక్కు మరింత.

మరి ఏం చేయాలి? కవరు అందిన తేదీ రాసి పెట్టుకోవాలి. పెళ్ళి ఫొటోలు, శుభలేఖ, ఉత్తరాలు భద్రపరచాలి. భార్య తానుంటున్న ప్రాంతంలోనే కేసు వేసుకోవచ్చని 2003 సవరణ చెబుతోంది. ఖర్చుకు భయం వద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ప్రవాస భర్తల ఫిర్యాదుల కోసం జాతీయ మహిళా కమిషన్‌లో ప్రత్యేక విభాగమే ఉంది.

విడిపోవాలనుకుంటే విడిపోవచ్చు. అది ఆమె ఇష్టం. కానీ భరణం, నగలు, తన బతుకు సంగతి తేల్చుకున్నాకే కదా!

ఆ అమ్మాయి కాసేపు కాయితాల వంకే చూసింది. "ఆయన తేల్చుకున్నడు గద అక్కా, ఇగ నేను తేల్చుకుంట" అంది. మర్నాడు తల్లిని తీసుకుని వకీలు దగ్గరికి వెళ్ళింది. సంతకం జాగా ఖాళీగానే ఉంది.