కలకనీటిలో బాస్‌కు ఏ ఎర, ఏ రంగు

పెద్దనోటి బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. తెలుగు చెరువుల్లోని కొర్రమీనులాగే ఇదీ మాటు వేసి, దగ్గరికొచ్చినదాన్ని ఒక్క ఊపున నోట కరుచుకుంటుంది. దీన్ని గాలానికి పట్టేవాళ్లలో ఎక్కువమంది వానపామునో కప్పనో గుచ్చరు. ప్లాస్టిక్, రబ్బరు, కొయ్య, లోహంతో చేసిన బొమ్మ ఎరలు వాడతారు. వీటినే ల్యూర్‌లు అంటారు. తేటనీటిలో ల్యూర్ అచ్చం చేపపిల్లలా ఉంటే చాలావరకు పని జరుగుతుంది. వాన కురిసి, వాగుల నీళ్లు చేరి జలాశయం కలకబారితే ఆ పోలిక ఎందుకూ కొరగాదు. అక్కడ ఎర ముందు చేప ఒంటికి తెలియాలి, ఆ తర్వాతే కంటికి ఆనాలి.

టెక్సస్‌లో ఈ పరిస్థితి తరచుగా ఎదురవుతుంది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ప్లేనో, ఫ్రిస్కోలకు దగ్గర్లోని లవాన్ జలాశయం నల్లమట్టి నేలల మధ్య ఉంది. ఆ మట్టి తెలుగు రైతులకు తెలిసిన నల్లరేగడి జాతిదే: ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి జిగురవుతుంది. దాని బంకమట్టి రేణువులు మిల్లీమీటరులో ఐదువందలో వంతుకన్నా చిన్నవి. గాలి కాస్త వీచినా అవి అడుగుకు దిగవు. అందుకే గట్టి వాన వెలిశాక కూడా నీరు రోజుల తరబడి తేరుకోదు.

నీరు ఎంత కలకగా ఉందో తేల్చడానికి పరికరాలేమీ అక్కర్లేదు. 1865లో ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ తెల్లటి పళ్లేన్ని సముద్రంలోకి దించి, అది కనుమరుగయ్యే లోతు కొలిచాడు. గాలం వేసేవాళ్లు తెల్ల ల్యూర్‌తో అదే పని చేయవచ్చు. రెండడుగుల లోతున కూడా కనిపిస్తుంటే నీరు కాస్త మసకబారిందంతే. అడుగులోపే మాయమైతే అది నిజమైన బురదనీరు, కింద చెప్పే సంగతులన్నీ దానికే.

అలాంటి నీటిలో బాస్ చాలావరకు లోతు వదిలి ఒడ్డువైపు వస్తుంది. మోడునో, నీట ఒరిగిన చెట్టునో, పడవల రేవు స్తంభాన్నో ఆనుకుని కదలకుండా ఉంటుంది. దూరంగా పోయే ఎరను వెంటాడదు, ముంగిట్లోకి వచ్చినదాన్నే పట్టుకుంటుంది. ఎర ఎంపికకు ఇదే పునాది.

చూపు పనిచేయనిచోట బాస్‌కు దిక్కు పార్శ్వరేఖ. మొప్పల దగ్గర్నుంచి తోకదాకా ఒంటికి రెండు పక్కలా సాగే ఈ గీతలోని జ్ఞానాంగాలు నీటి కదలికను, నెమ్మదైన అదురును పసిగడతాయి. లోపలి చెవి చప్పుడు వింటుంది. కాబట్టి నీటిని ఎక్కువగా కదిలించే ఎరే మంచి ఎర. స్పిన్నర్‌బెయిట్ అనే ఎరకు తిరిగే లోహపు రేకులుంటాయి. వాటిలో విల్లో ఆకులా సన్నగా పొడవుగా ఉన్న రేకు వేగంగా తిరిగి ఎక్కువ మెరుస్తుంది. కొలరాడో రేకు అనే గుండ్రటిది నెమ్మదిగా తిరుగుతూ నీటిని దబదబా కొడుతుంది, ఆ దెబ్బ కర్ర పట్టిన చేతికి కూడా తెలుస్తుంది. బురదనీటికి నిస్సందేహంగా ఈ గుండ్రటి రేకే తగినది. తలముందు పలక కట్టిన చాటర్‌బెయిట్ అటూ ఇటూ కొట్టుకుంటూ అదే పని చేస్తుంది. చదరపు మూతి క్రాంక్‌బెయిట్ ఒళ్లు ఊపుతూ వచ్చి, మోడుకు తగిలి పక్కకు తుళ్లుతుంది. అలా తుళ్లినప్పుడే బాస్ ఎక్కువగా అందుకుంటుంది. కడుపులో గుండ్లు పోసిన ఎరలు గిలకలా మోగుతాయి. రబ్బరు పురుగులు, రొయ్యలవంటివి మాత్రం వాటంతట అవి చప్పుడు చేయవు. వాటిని లావుగా, ఎక్కువ కాళ్లున్నవిగా ఎంచుకుని, పైన గాజుపూస, బరువైన టంగ్‌స్టన్ గుండు కడితే రెండూ తగిలి టకటకమంటాయి.

రంగుది ఆ తర్వాతి మెట్టు. నీటిలో ఎరుపు అన్నిటికన్నా ముందు మాయమవుతుందన్న పాఠం తేటనీటికి వర్తిస్తుంది. కలకనీటిలో మట్టి, కుళ్లిన ఆకుల పసరు కలిసి నీలం, ఊదా కాంతిని ముందు మింగేస్తాయి. మిగిలేది పసుపు, నారింజ, ఎరుపు వైపు కాంతి, అదీ కొద్ది లోతు వరకే. చేప కన్ను దీనికి సరిపోయేలాగే ఉంది. బాస్ కంట్లో రంగును పట్టే కణాలు రెండే రకాలని, ఒకటి ఆకుపచ్చకు, ఇంకోటి ఎరుపుకు ఎక్కువగా స్పందిస్తాయని ఇలినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించారు. శిక్షణ ఇచ్చిన బాస్‌లు ఎరుపును, ఆకుపచ్చను చక్కగా గుర్తుపట్టాయి. షార్ట్‌రూజ్‌కూ తెలుపుకూ, నీలానికీ నలుపుకూ తేడా చెప్పడంలో మాత్రం తడబడ్డాయి. షార్ట్‌రూజ్ అంటే నిమ్మపండు పసుపులో చిలకపచ్చ కలిపినట్టుండే రంగు. నలుపులో నీలం పోగులు కలిపిన జిగ్ (బరువు తల గాలానికి పోగులు కట్టిన ల్యూర్) బురదనీటికి పేరుపొందిన ఎర. బహుశా చేపకు అదంతా ఒకే ముదురు ఆకారం. అందులో నష్టమేమీ లేదు, కావలసింది ఆ ఆకారమే.

బురదనీటిలో రంగు పని ఎరను వెనకనున్న నీటి నుంచి విడదీసి చూపడం. అందుకు రెండు కొసలే పనికొస్తాయి: బాగా ముదురు, లేదా బాగా ప్రకాశం. ఎండ కాస్తున్నప్పుడు షార్ట్‌రూజ్, నారింజ వెలిగినట్టు కనిపిస్తాయి. మబ్బు పట్టినా, పొద్దు వాలినా నలుపే మేలు, ఎందుకంటే కిందనుంచి చూసే చేపకు ఆకాశపు వెలుతురు మీద నల్లటి రూపు స్పష్టంగా కనబడుతుంది. షార్ట్‌రూజ్ ఒంటికి నల్ల వీపున్న క్రాంక్‌బెయిట్‌లో రెండు కొసలూ ఉంటాయి. ఒక్కటే కొనుక్కోవాలంటే అదే కొనాలి. చలి తగ్గే ఫిబ్రవరి, మార్చి నెలల్లో రొయ్యలాంటి క్రేఫిష్‌ను తలపించే ఎర్ర ఎర కూడా టెక్సస్ జలాశయాల్లో బాగా పనిచేస్తుంది. రేకుల్లో వెండికన్నా బంగారు, రాగి రంగులు నయం. పారదర్శకంగా ఉన్నవి, లేత గోధుమరంగువి మట్టిలో కలిసిపోతాయి.

సరైన ఎర కూడా తొందరగా లాగితే వృథా. చేప అదురును బట్టి గురి చూస్తుంది గనక ఎర ఒకే వేగంతో, నెమ్మదిగా రావాలి. మధ్యలో గుంజితే గురి తప్పుతుంది. ఒక మోడు దగ్గర ఒకసారి వేసి వదిలేయకుండా, అన్ని పక్కల నుంచీ ఐదారుసార్లు దాన్ని రాసుకుంటూ పోయేలా వేయాలి. దారం కనబడుతుందన్న బెంగ లేదు కాబట్టి లావుపాటిది కట్టవచ్చు. చెట్ల మధ్య నుంచి చేపను లాగడానికి అది అవసరం కూడా. అన్నిటికన్నా కష్టమైనది చల్లటి బురదనీరు. చలికాలపు వాన నీటి వేడిని తగ్గించినప్పుడు బాస్ మందగిస్తుంది, ఎరను ఇంకా నిదానంగా, దాదాపు నిలబెట్టినట్టు ఆడించాలి.

తేటనీరు, బురదనీరు కలిసే చోట నీటిమీద గీత గీసినట్టు కనిపిస్తుంది. ఆ గీత వెంట ఎర వేయడం లాభం, బాస్ తరచుగా బురదవైపు నక్కి, తేటవైపు తిరిగే చేపపిల్లల్ని పడుతుంది. పైనుంచి వచ్చే వాగుల మొదళ్లు ముందు కలకబారి, సాధారణంగా ముందే తేరుకుంటాయి. అక్కడ తెల్ల ల్యూర్ రెండడుగుల లోతున కనబడడం మొదలైతే గుండ్రటి రేకు విప్పి విల్లో రేకు కట్టవచ్చు. నలుపు, షార్ట్‌రూజ్ పక్కనపెట్టి గుమ్మడి ఆకుపచ్చలాంటి సహజ రంగులకు మళ్లవచ్చు.