తొలగించిన ఫైళ్ళను తిరిగి రాబట్టుట

కంప్యూటరు నుండి పొరపాటున తొలగించిన ఫైళ్ళను మరల పొందే ప్రక్రియను ఫైళ్ళ పునరుద్ధరణ అంటారు. రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేసిన తరువాత గానీ, షిఫ్ట్, డిలీట్ మీటలను కలిపి నొక్కిన తరువాత గానీ ఫైలు శాశ్వతంగా పోయిందని చాలామంది భావిస్తారు. పెన్‌డ్రైవులో తొలగించిన ఫైళ్ళు సాధారణంగా రీసైకిల్ బిన్‌కు వెళ్ళవు గనుక అక్కడ ఈ భయం మరీ ఎక్కువ. అయితే హార్డుడిస్కు, పెన్‌డ్రైవు, కెమెరా మెమరీ కార్డు వంటి వాటిలో ఆ క్షణాన చెరిగేది ఫైలు చిరునామా మాత్రమే. అందులోని సమాచారం చాలావరకు యథాస్థానంలోనే ఉంటుంది. పెళ్ళి ఫోటోలైనా, ఏళ్ళ తరబడి రాసిన సిద్ధాంత వ్యాసమైనా తిరిగి దక్కుతుందా లేదా అన్నది ఆ తరువాత వాడుకరి ఏమి చేశాడన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది.

తొలగించినపుడు జరిగేది

ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కును క్లస్టర్లు అనే చిన్న భాగాలుగా విభజించి, ఏ ఫైలు ఏ క్లస్టర్లలో ఉన్నదో ఒక పట్టికలో నమోదు చేస్తుంది. ఇది గ్రంథాలయంలోని సూచీ వంటిది. సూచీ నుండి చీటీని తీసివేసినంత మాత్రాన బీరువాలోని పుస్తకం మాయం కాదు. కాని ఆ చోటు ఖాళీ అనుకొని మరొక పుస్తకాన్ని అక్కడ పెట్టే ప్రమాదం ఉంటుంది. ఫ్యాట్ పద్ధతిలో ఫైలు నమోదులోని మొదటి బైటు స్థానంలో 229 అనే సంఖ్యను వ్రాస్తారు. అందుచేతనే 1991లో విడుదలైన ఎమ్మెస్-డాస్ 5లోని అన్‌డిలీట్ ఆదేశం, ఫైలు పేరులోని మొదటి అక్షరమేమిటో చెప్పమని వాడుకరినే అడిగేది. ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో పేరు చెడదు, ఆ నమోదు వాడుకలో లేదని గుర్తు పెడతారు, అంతే.

వెంటనే చేయవలసినది

ఆ డిస్కు వాడకాన్ని తక్షణం ఆపివేయాలి. కొత్త ఫైలు వ్రాస్తేనే ప్రమాదమని అనుకోరాదు. ఇంటర్నెట్ చూస్తున్నా బ్రౌజరు తాత్కాలిక ఫైళ్ళను వ్రాస్తూనే ఉంటుంది. పునరుద్ధరణ సాఫ్టువేరును అదే డ్రైవులో స్థాపించడం అన్నిటికంటె తరచుగా జరిగే పొరపాటు. వెదకబోయే ఫైలునే అది తుడిచివేయవచ్చు. పోయిన ఫైలు సీ డ్రైవులో ఉంటే కంప్యూటరును ఆపి, డిస్కును వేరొక కంప్యూటరుకు తగిలించడం గానీ, పెన్‌డ్రైవు నుండి లినక్సును నడపడం గానీ మేలు. చెక్‌డిస్క్ పట్టికలను మార్చగలదు కనుక దానిని ముందుగా నడపరాదు. దొరికిన ఫైళ్ళను కూడా మరొక డ్రైవులోనే భద్రపరచాలి.

ఉపయోగపడే సాఫ్టువేర్లు

విండోస్‌లో రికువా వాడుక సులభం. మైక్రోసాఫ్ట్ 2020లో విడుదల చేసిన విండోస్ ఫైల్ రికవరీ ఉచితమే, కాని ఆదేశాలను టైపు చేయవలసి ఉంటుంది. క్రిస్టోఫ్ గ్రెనియే రూపొందించిన ఫోటోరెక్ స్వేచ్ఛా సాఫ్టువేరు. ఇది పట్టికను నమ్మదు. డిస్కును నేరుగా చదివి ఫైళ్ళ ఆరంభ చిహ్నాలను వెదకుతుంది. ఉదాహరణకు జేపెగ్ చిత్రాలన్నీ 255, 216, 255 అనే బైట్లతో మొదలవుతాయి. అందువలన ఫార్మాట్ అయిన మెమరీ కార్డు నుండి కూడా చిత్రాలను రాబట్టగలదు. అయితే ఫైళ్ళ పాత పేర్లు సాధారణంగా దక్కవు. ముక్కలుగా చెదిరి ఉన్న పెద్ద వీడియోలు తరచు సగంలోనే ఆగిపోతాయి.

పరిమితులు

ఎస్ఎస్‌డీల విషయంలో ఆశ తక్కువ. 2009లో వచ్చిన విండోస్ 7 మొదలుకొని, ఫైలు తొలగించగానే ఆ చోటు ఇక అవసరం లేదని ట్రిమ్ ఆదేశం ద్వారా డ్రైవుకు తెలుపుతారు. ఆ తరువాత అక్కడ చదివితే సాధారణంగా సున్నాలే వస్తాయి. హార్డుడిస్కు టిక్కు టిక్కుమని శబ్దం చేస్తూంటే ఏ సాఫ్టువేరునూ ప్రయోగించక ఆపివేసి, నిపుణులకు అప్పగించాలి.

పాత డిస్కును అమ్మేటపుడు ఇదే గుణం ఎదురు తిరుగుతుంది. సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ 158 పాత డిస్కులను కొని పరిశీలించి, 2003లో ప్రచురించిన వ్యాసంలో వాటిలో సరిగా తుడిచినవి 12 మాత్రమేనని తెలిపారు. క్విక్ ఫార్మాట్ పట్టికను మాత్రమే కొత్తగా వ్రాస్తుంది. విండోస్ విస్టా నుండి పూర్తి ఫార్మాట్ డిస్కు అంతటా సున్నాలు నింపుతుంది కనుక, హార్డుడిస్కును అమ్మేముందు దానినే ఎంచుకోవాలి.